పెదవి మీద వేలు

“అంతసేపు ఏం సెప్పినవే సామికి?”

అత్త అచ్చమ్మ ఆ మాట అడిగేసరికి జానమ్మ చేతులు మోచేతుల దాకా సున్నంలో ఉన్నాయి. గుడి వెనక గుంతలో నానబెట్టిన సున్నాన్ని పాత చీరగుడ్డలో పోసి వడగడుతోంది. గుడ్డ రెండో కొస పట్టుకున్న ఉప్పలమ్మ తల దించుకుంది గాని చెవులు దించుకోలేదు.

“నా పాపాలు సెప్పిన అత్తా.”

“అందరం సెప్పినం. నేను మోకాళ్ళ మీద గిట్ల కూసున్న, గట్ల లేసిన. నువ్వేమో కూసున్నదానివి కూసున్నట్టే ఉంటివి. నీ ఎనకున్నోళ్ళు ఒకల మొకాలు ఒకలు సూసుకున్నరు. ఉపదేశి పెండ్లానికి గన్ని పాపాలు యాడియే?”

సామి చెవిలో పాపాలు చెప్పుకునే ఆ పాపసంకీర్తనం జరిగింది ఈస్టరు ముందు వారం; విన్నది సామి ఎవరికీ చెప్పకూడదు. ఈస్టరు పోయింది, ఎండలు ముదిరాయి, ఆ ప్రశ్న మాత్రం పోలేదు. పాలకీడు పక్కనున్న ఆ క్రైస్తవ పేటలో ఎవరి పాపాలేమిటో అందరికీ తెలుసు. ఒకరి పెరట్లో సొరకాయ కోసుకున్నదీ, తోడికోడలికి శాపనార్థాలు పెట్టినదీ సామికన్నా ముందు పేటకే తెలుస్తుంది. పాపసంకీర్తనం అంటే వాళ్ళకు తెలిసిందే ఇంకోసారి చెప్పి రావడం. అలాంటిచోట జానమ్మ దగ్గర పేటకు తెలియనిదేదో ఉందంటే అది ఊరికే పోయే విషయమా?

అందరికంటే ఎక్కువ తల్లడిల్లినవాడు ఆమె మొగుడు అబ్రహాం. ఆ పేటకు ఉపదేశి. పిల్లలకు జపాలు నేర్పుతాడు, సామి రాని ఆదివారాల్లో ప్రార్థన నడుపుతాడు. గొంతు మంచిది, గొడుగు ఇంకా మంచిది. ఎవరింట్లో ఏ కూర వండారో తెలియకపోతే ఆ పూట ఆయనకు అన్నం సయించదు. అట్లాంటివాడి ఇంట్లోంచే ఒక మాట ఆయన చెవిన పడకుండా బయటికి వెళ్ళిపోయింది. అన్నం ముందు కూర్చుని అడిగాడు. నీళ్ళు తోడుతుంటే అడిగాడు. మంచిగా అడిగాడు, చెంబు విసిరికొట్టి అడిగాడు. “సామికి సెప్పింది సామికే” అని జానమ్మ ఊరుకుంది. ఊరుకుందన్న మాటే గాని లోపల ఎక్కడిది ఆ ఊరట? కడిగిన గిన్నె మళ్ళీ కడిగేది. వాకిలి దాకా వచ్చి ఎందుకొచ్చానా అని నిలబడిపోయేది.

ఉపదేశి ఉద్యోగం అబ్రహాంది, పని జానమ్మది. గుడి ఊడ్చేది ఆమె, గంట కొట్టేది ఆమె, పీఠం గుడ్డలు ఉతికి గంజి పెట్టేది ఆమె, వచ్చిపోయే సాములకు వండేది ఆమె, ఎవరికన్నా నొప్పులొస్తే పక్కన కూర్చునేదీ ఆమే. ఇప్పుడు సున్నం పని తోడైంది. మిర్యాలగూడ నుంచి వచ్చిన మేస్త్రీలకు కూలి ఉంది, పేట ఆడవాళ్ళకు లేదు. “దేవుని పనికి కూలేందే? పుణ్యమొస్తది” అన్నాడు అబ్రహాం. ఆ పుణ్యం మేస్త్రీలకు ఎందుకు అక్కర్లేదో చెప్పలేదు.

ఇంత సున్నం ఎందుకంటే, సామి గుడి గోడల మీద బొమ్మలు వేస్తున్నాడు. ఆయన పేరు వాత్స్లావ్. పేట నోటికి అది తిరగక వాసులు సామి అయ్యాడు. బొహీమియా అనే దేశం నుంచి యుద్ధానికి ముందు వచ్చినవాడు. ఇప్పుడు అక్కడి సర్కారు మారి సాములకు గడ్డురోజులు వచ్చాయట, తిరిగి పోయే దారి లేదు. పోలేని ఇంటిని ఇక్కడి గోడల మీద గీసుకుంటున్నాడని జానమ్మకు అనిపించేది. ఆయన తండ్రి అక్కడి పాత గుళ్ళలో వెలిసిపోయిన బొమ్మలకు రంగు దిద్దేవాడు. ఆ గుళ్ళలో పైకప్పు పైకప్పులా ఉండదని సామి చేతులు తిప్పుతూ చెప్పేవాడు. మబ్బుల మీద మబ్బులు, ఆ మబ్బుల అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న సమ్మనసులు, అంటే దేవదూతలు, వాళ్ళ వెనక బంగారు వెలుగు, చూస్తూ చూస్తూ ఉంటే కప్పు విచ్చుకుని ఆకాశం గుడిలోకి దిగినట్టే ఉంటుందట. మెలితిరిగిన స్తంభాలు, వాటికి బంగారు రేకు. అక్షరం రాని రైతు తల ఎత్తి చూసినా గుండె కదిలిపోవాలని రెండు వందల ఏళ్ళ కిందటి చిత్రకారులు అట్లా వేశారట. ఇక్కడ గుడికి పెంకుల కప్పు కాబట్టి మబ్బులన్నీ పీఠం వెనక గోడకు దిగాయి.

ఉప్పలమ్మ క్రైస్తవురాలు కాదు. పక్కవాడ మనిషి, జానమ్మ మీది స్నేహం కొద్దీ సున్నం పనికి వచ్చేది. బొమ్మలు చూసి మొదటిరోజే అంది: “బయట ఆకు కదుల్తలేదు, గీళ్ళ బట్టలేందక్కా గట్ల ఎగురుతున్నయి? గుడిలకు గాలి యాడికెల్లి వచ్చింది?” ఇంకోరోజు సమ్మనసుల బుగ్గలు చూసి, “ఎవరి పాలు దాగిండ్రో గాని, మన వాడల ఒక్క పోరడన్న గిట్ల బొద్దుగున్నడా?” అంది. జానమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ బొమ్మలు వేసే తీరు వేరు. ఎండిన గోడ మీద వేయరు. తెల్లారగట్ల సన్నటి సున్నం పూత పూసి, అది తడిగా ఉండగానే రంగు వేయాలి. ఆ రోజు వేయగలిగినంత మేరకే పూత. తడిలో పడ్డ రంగును సున్నం తనలో కలిపేసుకుంటుంది, ఆరిన తరవాత గోడ చెక్కితే తప్ప అది పోదు. ఎండాకాలం కావడంతో ఆడవాళ్ళు గోనెపట్టాలు తడిపి కిటికీలకు కట్టేవాళ్ళు.

పోని రంగు అనే మాట విన్నప్పుడల్లా జానమ్మకు తన నెమళ్ళు గుర్తొచ్చేవి. రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్న రోజుల్లో అబ్రహాం కోదాడ దాటి జగ్గయ్యపేట పారిపోయాడు. చాలామంది మగవాళ్ళు అట్లాగే పోయారు, అందులో తప్పేం లేదు. అచ్చమ్మ నడిగూడెంలో కూతురింటికి చేరింది. “అందరం పోతే గుడి ఎట్ల? ఆడదానివి, నిన్నెవరేం జేస్తరు?” అని తాళంచెవి జానమ్మ చేతిలో పెట్టారు. ఆడదాన్ని ఎవరేం చేస్తారో ఆ రోజుల్లో తెలియనివాళ్ళు లేరు. అయినా పెట్టారు. భయపడింది, ఎందుకు పడదు? కుక్క మొరిగితే దీపం ఆర్పేసేది. కాని పొయ్యి మీది అన్నం వేడిగా ఉండగా మొదటి ముద్ద తనే తిన్నది, పెళ్ళయ్యాక మొదటిసారి. తలనొస్తే పడుకుంది, ఎవరూ లేపలేదు. రోలు ముందు కూర్చుని పాడితే తన గొంతు ఇంత పెద్దదా అని తనే ఉలిక్కిపడింది. ఎర్రటి జాజు మట్టి తెచ్చి తడిపి ఇంటి ముందు గోడ నిండా నెమళ్ళు వేసింది, పిచ్చిగా, ఒకదాని తోక ఇంకోదాని మీదికి పోయేట్టు. భయం వాకిలి అవతల ఉండేది. అంతకుముందు అది ఇంట్లోనే ఉండేదని అప్పుడు తెలిసింది ఆమెకు.

పోలీసు యాక్షన్ అయింది, పారిపోయినవాళ్ళు తిరిగొచ్చారు. గొడుగు వేసుకుని వస్తున్న అబ్రహాంను చూడగానే జానమ్మ గుంజ పట్టుకుని గొల్లున ఏడ్చింది. “మొగడంటే ఎంత పాణమో పిల్లకు!” అని పేటంతా కళ్ళు తుడుచుకుంది. అబ్రహాం మీసం సవరించుకున్నాడు. తరవాత గోడ చూశాడు. “ఉపదేశి ఇంటికి గీ నెమళ్ళేంది? జాతర జేస్తున్నవా?” అన్నాడు. ఆ నెమళ్ళ మీద సున్నం కొట్టింది కూడా జానమ్మే. ఇంకెవరు కొడతారు?

చేప ముల్లులా గొంతులో ఇరుక్కున్నది ఆ ఏడుపే. ఈస్టరు ముందు సామి చెవిలో వేసింది. “అందరు సంతోషంతోని ఏడ్సిండ్రు సామి. నేను దుక్కంతోని ఏడ్సిన. ఆయన లేని దినాలల్ల నేను సుఖంగున్న. గిది పాపమైతే ఎంత పెద్దది?” సామి చాలాసేపు మాట్లాడలేదు. ఆమెకు కాళ్ళు తిమ్మిరెక్కాయి. చివరికి ప్రాయశ్చిత్తంగా ఒకే ఒక్క మంగళవార్త జపం చెప్పుకోమన్నాడు. అబద్ధానికి కూడా మూడు చెప్పుకోమనే మనిషి.

అంతటితో తీరిపోయింది అనుకుంది. తీరలేదు.

ఒకరోజు పొద్దున్నే తడి గోనెపట్టా భుజాన వేసుకుని పీఠం వెనక గదిలోకి వచ్చేసరికి అబ్రహాం గొంతు వినపడింది. తలుపు సందులోంచి చూస్తే సామి పరంజా మీద ఉన్నాడు, అబ్రహాం కింద నిలబడి తల ఎత్తి బతిమాలుతున్నాడు.

“మీరు తండ్రి లాంటోళ్ళు సామి. నా సంసారం నిలబెట్టాలె. నేను లేనప్పుడు మా ఇంటికి ఎవడన్న వచ్చిండా? జానమ్మ మీకేం జెప్పింది? ఒక్క మాట సాలు. నేనేమన్న పరాయోడినా, మొగుణ్ణి!”

భుజం మీది పట్టాలోంచి నీళ్ళు వీపు మీదుగా కారుతున్నా జానమ్మ కదల్లేదు. ఎవడన్న వచ్చిండా! ఆడది సుఖంగా ఉందంటే ఇంకో మగవాడు వచ్చి ఉండాలి తప్ప ఆయనకు మరో ఊహే రాదు. సిగ్గు వేయలేదు, అసహ్యం వేసింది. ఆ వెనకే భయం వేసింది. సామి మాత్రం మగవాడు కాదా? ఇద్దరూ ఒక అరుగు మీద కూర్చుని చాయ్ తాగేవాళ్ళు కాదా? తన మాట ఇప్పుడు ఆయన నోట్లో ఉంది, నోరు తెరిస్తే చాలు.

సామి నోరు తెరవలేదు, కుంచె కూడా కదపలేదు. ఎదురుగా ఆ పొద్దు పూసిన పూత రంగు పడకుండానే ఆరిపోయింది. అప్పుడు తాపీ తీసుకుని దాన్ని మొత్తం చెక్కి కింద పడేశాడు. ముఖం కందగడ్డ చేసుకుని మెల్లగా నిచ్చెన దిగాడు. సామిది బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. “అబ్రహామూ, నీ ప్రశ్నను నేను వినలేదు. నీవును అడుగలేదు” అని చేతులు కడుక్కోవడానికి పోయాడు.

అది విన్నా జానమ్మకు కుదురు చిక్కలేదు. ఇవాళ చెప్పలేదు, రేపు? అబ్రహాం సామితో మాట్లాడుతూ కనపడితే సున్నం గంప దించి నిలబడేది. మొగుడు మామూలుగా చూస్తే తెలిసిపోయిందేమో అనీ, కోపంగా చూస్తే తెలిసే ఉంటుందనీ అనుకునేది. చెప్పుకుని తప్పు చేశానా? మనసులో మాట మనసులోనే కుళ్ళనిస్తే పోయేదా? ఒక్కరోజులో పదిసార్లు ఇటూ అటూ ఊగింది.

ఆ వారమే సామి వాకిలి పక్క గోడ మొదలుపెట్టాడు. అక్కడ పేతురు వలలో చేపలు పడే బొమ్మ వేస్తానని ముందు అందరికీ చెప్పాడు. చేపలు రాలేదు. వంతెన వచ్చింది, వంతెన కింద మూసీలా రాళ్ళున్న నది వచ్చింది. కిరీటం పెట్టుకుని కళ్ళు ఉరిమి చూసే రాజు వచ్చాడు. ఒక పక్క మోకరిల్లిన రాణి, ఆమె చీరకు సామి తన దేశం నుంచి తెచ్చుకుని మరియతల్లి కోసం దాచిన నీలం వేశాడు. నడుమ నల్ల అంగీ తొడుక్కున్న ఒక సామి. తల చుట్టూ ఐదు నక్షత్రాలు. పెదవుల మీద నిలువుగా చూపుడువేలు.

సున్నం అందిస్తూ జానమ్మ ఉండబట్టలేక అడిగింది. “ఎవరు సామి ఈయన?”

“మా దేశపు పునీతుడు. నెపొముక్ ఊరి యోహాను. మా యొద్ద ప్రతి వంతెన మీదను ఈయన ప్రతిమ ఉండును.” సామి గోడ మీదనుంచి చూపు తిప్పలేదు. “రాణి ఈయన యొద్ద పాపసంకీర్తనం చేసెడిది. ఆమె ఏమి చెప్పెనో చెప్పుమని రాజు అడిగెను. ఈయన చెప్పలేదు. హింసించెను. చెప్పలేదు. వంతెన మీదనుండి నదిలోనికి త్రోయించెను. నీళ్ళ మీద ఐదు నక్షత్రములు వెలిగెనని మా పెద్దలు చెప్పుదురు.”

అంతే అన్నాడు. ఆమె ముఖం చూడలేదు, అబ్రహాం పేరెత్తలేదు. జానమ్మ సున్నం గంప అక్కడే దించి వెనక్కి వెళ్ళి గుంత గట్టు మీద కూలబడింది. ఒక పెళ్ళాం చెప్పిన మాట మొగుడికి చేరకూడదని ప్రాణం ఇచ్చాడా ఒక మగవాడు? రాజడిగితే? తన మాటకు ఇంటిలో చీపురు విలువ లేదే, అట్లాంటి మాట కోసమా నదిలో పడ్డాడు? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సున్నం చేతులతో తుడుచుకోలేక మోచేత్తో తుడుచుకుంది.

ఇగ అబ్రహాం సంగతి. ఉపదేశికి తెలియని బొమ్మ ఉంటుందా? సామిని అడగడం ఆయనకు నామోషీ. తనకు తోచిందే అర్థం అనుకున్నాడు, పేటంతా తిరిగి అదే చెప్పాడు. “సూసిండ్రా ఆ సామి ఏలు? గుడిల గాని, ఇంట్ల గాని ఆడోళ్ళు నోరు మూసుకుండాలె అంటున్నడు. రాణంతటిదే మోకాళ్ళ మీద కూసొని మూసుకుంది. మీరెంత?” మాట నిప్పంటుకున్నట్టు పాకింది. నాలుగురోజుల్లో పేటలో ప్రతి మొగుడూ, ప్రతి అత్తా చూపుడువేలు పెదవి మీద పెట్టడం నేర్చుకున్నారు. కూర చప్పగా ఉందేమని కోడలంటే వేలు. నాకు ఒంట్లో బాగా లేదంటే వేలు. అచ్చమ్మయితే మాట అనడమే మానేసింది, వేలు ఒక్కటి చాలు ఆమెకు. వాళ్ళ వేళ్ళను చూస్తుంటే జానమ్మకు ఒళ్ళు మండేది. తెలిసిన కథ నాలుక చివర దాకా వచ్చేది. చెబితే రాజెవరో అబ్రహాంకు తెలిసిపోదూ? మింగేది. మింగిందల్లా లోపల సున్నంలా ఉడికేది.

మే నెల మధ్యలో ఆ పునీతుడి పండగనాడే గుడి ఆశీర్వాదం పెట్టుకున్నారు. నేరేడుచర్ల నుంచీ, చుట్టుపక్కల పేటల నుంచీ జనం వచ్చారు. ఉప్పలమ్మ వాడవాళ్ళు కూడా బొమ్మలు చూద్దామని వచ్చి వాకిట్లో నిలబడ్డారు. పూజ అయ్యాక బొమ్మల అర్థం చెప్పే పని ఉపదేశిది. అబ్రహాం ఉతికిన కోటు తొడుక్కుని బెత్తం పట్టుకుని ఒక్కో గోడా చూపించుకుంటూ వాకిలి పక్కకు వచ్చాడు.

“ఇగ ఈ పునీతుడు. ఏలు ఏడ బెట్టిండో సూడుండ్రి. ఆడోళ్ళకు నాలుక ఎక్కువైతే ఇల్లు ఆగమైతదని రాణికి బుద్ధి జెప్తున్నడు. అందుకే...”

పీఠం దగ్గర కూర్చున్న సామి దిగ్గున లేచాడు. ఉపదేశి ఏం చెబుతున్నాడో ఆయన వినడం అదే మొదటిసారి. కాని ఆయన నోరు తెరిచేలోపే ఆడవాళ్ళ వైపు నుంచి ఇంకో గొంతు వచ్చింది. రోలు ముందు పాడిన గొంతు.

“అది కాదు.”

బెత్తం గాలిలోనే ఆగింది. జానమ్మ లేచి నిలబడింది. “ఆ సామి మనల్ని నోరు మూసుకోమంటలేడు. ఆయన నోరు ఆయన మూసుకుండు. రాణి ఆయనకు తన మనసు జెప్పుకుంది. ఏం జెప్పిందో నాకు జెప్పుమని ఆమె మొగుడు పీడించిండు. ఈయన జెప్పలే. రాజు నదిల తోయించిండు, సచ్చిండు గాని జెప్పలే. ఆడదాని మాట ఆడదానిదే అన్నందుకు సచ్చిండు. గదీ ఆ ఏలుకు అర్థం. నిజమేనా సామి?”

“నిజము” అన్నాడు సామి.

అచ్చమ్మ చెయ్యి అలవాటుగా పైకి లేచి, సగంలో ఏం చేయాలో తోచక కొంగు సర్దుకుంది. వాకిట్లోంచి ఉప్పలమ్మ అరిచింది. “ఇంతకు ఆ రాణి ఏం జెప్పిందంట సామీ?”

ఆడవాళ్ళందరూ సామి వైపు తిరిగారు. “ఎవరికిని తెలియదు” అన్నాడాయన. “ఈనాటికిని తెలియదు.”

జానమ్మ నీలం చీర రాణి వైపు చూసింది. తనకు తెలుసు అనుకుంది.

జనం భోజనాలకు చెట్ల కిందికి పోయారు. వాకిలి దగ్గర అబ్రహాం ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపాడు. పదిమందిలో పోయిన పరువు ముఖం మీద ఉంది. కోపం కంటే ఏడుపే దగ్గరగా ఉంది. “నన్ను రాజును జేసినవ్ కదనే! ఇప్పుడన్న సెప్పు. ఎవడొచ్చిండు? ఎవడు?”

చెప్పకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. గోడ మీద ఒక పునీతుడే కాపలా ఉన్నాడు. ఇన్నాళ్ళూ జానమ్మ కోరుకున్నది అదే, ఈ మాట మొగుడికి చేరకూడదు. కాని చేరకూడదని ఎవరు అనుకోవాలి? సామి దాచాడు, ఎందుకంటే ఆ మాట సామిది కాదు. తనది. దాచుకుంటే తనే దాచుకోవాలి, ఇస్తే తనే ఇవ్వాలి. ఇన్నాళ్ళ కుదురులేనితనం ఎక్కడికి పోయిందో గాని, ఆ క్షణాన ఆమె పాదాలు నేల మీద నిలిచాయి. మోచెయ్యి విడిపించుకుంది.

“ఎవరు రాలే. నువ్వు గూడ రాలే. అందుకే సుఖంగున్న” అంది. “నువ్వు తిరిగొచ్చిన్నాడు ఏడ్సిన సూడు, అది సంతోషం కాదు.”

అబ్రహాం ముఖంలో రంగు పోయింది. ఇన్ని వారాలు ఒక్క మాట, ఒక్క మాట అని వెంటపడ్డవాడు, గబుక్కున వెనక్కి తిరిగి చెట్ల కింది జనం వైపు చూశాడు. చూపుడువేలు తనంతట తానే పెదవుల మీదికి వచ్చింది.

“మెల్లగనే... ఎవరన్న ఇంటరు!”

“ఇననీ” అంది జానమ్మ. గుడి గడప వైపు చెయ్యి చూపించింది. “ఇంకా ఉన్నది. కూసో.”